తాని చెట్టు పెంపకం: పిక్క నుంచి నీడ దాకా, పెచ్చు నుంచి పొడి దాకా

పని ఇది: కల్లం చుట్టూ, పశువుల పాకకు పడమర పక్కన మొత్తం 12 చోట్ల తాని చెట్లు నిలబెట్టాలి. నల్లమల అంచు, ఎర్రనేల, అడుగున్నర కింద గరుసు. బోరు ఉంది కానీ వేసవిలో నీళ్ళు అంతంతమాత్రం. గట్టు మీద పాత తాని చెట్టు ఒకటి ఉంది కాబట్టి పిక్కలకీ, మందు కాయలకీ ఇబ్బంది లేదు. ఇప్పుడు ఐదో ఏడు నడుస్తోంది. ఈ డైరీ చదివి ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే రెండో దశ, మూడో దశ తప్పకుండా చదవండి. మా మొక్కల్లో ఎక్కువ భాగం పోయింది అక్కడే.

తానిని తాండ్ర అని కూడా అంటారు, సంస్కృతంలో విభీతకి, మందుల అంగట్లో బహేడా. శాస్త్రీయ నామం టెర్మినేలియా బెల్లిరికా. మద్ది, కరక్కాయ దీని దగ్గరి చుట్టాలు. బాగా ఎదిగితే 30 మీటర్లు దాటుతుంది. ముసలి చెట్టుకి మొదట్లో గోడల్లాగా వేరుపట్టెలు లేస్తాయి. ఇంటికి మూడు గజాల దూరంలో పెట్టే చెట్టు కాదన్నమాట. గోడకైనా, పైపులైనుకైనా కనీసం 10 మీటర్లు వదిలాం.

దశ 1: కాయ ఏరడం, పిక్క తీయడం

మొదట చెట్టు తానేనా అని తేల్చుకోవాలి. మద్ది కాయకి అయిదు రెక్కలుంటాయి, తానికి ఉండవు. కరక్కాయ నున్నగా, పసుపు కలిసిన రంగులో, గీతలు తేలి ఉంటుంది. తానికాయ బూడిద రంగులో, గుండ్రంగా, పైన సన్నని నూగుతో, చేత్తో పట్టుకుంటే మఖమల్ తగిలినట్టు ఉంటుంది. ఎండాక అయిదు పలకలు లీలగా కనిపిస్తాయి. ఆకులు కొమ్మ చివర గుత్తిగా వస్తాయి, ఆకు కాడ పొడుగు.

కాయలు కార్తీకం దాటాక రాలడం మొదలై మాఘం దాకా రాలుతూనే ఉంటాయి. మొదట రాలేవి ఎక్కువగా పురుగు తొలిచినవి. అందుకని తొలి విడత ఊడ్చి పారేసి, పుష్యంలో రాలినవి ఏరాం.

1. 300 కాయలు ఏరి, ఒక్కొక్కటీ తిప్పి చూశాం. గుండుసూది మొనంత రంధ్రం ఉన్నా పక్కన పెట్టాం. 46 పోయాయి.
2. మిగిలిన 254లో 60 కాయల్ని పెచ్చుతోనే ఉంచాం, పోల్చి చూడటానికి.
3. 194 కాయల్ని రెండు రోజులు నానబెట్టి, రోట్లో మెల్లగా దంచి, ఇసుకతో రుద్ది పెచ్చు వదిలించాం.
4. పిక్కల్ని నీళ్ళలో వేశాం. 14 తేలాయి. వాటిని సుత్తితో పగలగొట్టి చూస్తే 11 పిక్కల్లో పప్పు ముడుచుకుపోయింది, 3 బాగున్నాయి. కాబట్టి తేలినవి పారేయడంలో నష్టం పెద్దగా లేదు.

పెచ్చు వదిలించే నీళ్ళు టీ డికాక్షన్ రంగుకి తిరుగుతాయి. రోజుకి రెండుసార్లు మార్చాం. మార్చకుండా వదిలిన బకెట్లో మర్నాటికే పుల్లటి వాసన, పైన తెల్లటి పొర.

ఇప్పటిదాకా లెక్క: 300 కాయలు, చేతిలో 60 పెచ్చు కాయలు, 180 శుభ్రమైన పిక్కలు.

దశ 1, కొనసాగింపు: ఎలా వేస్తే మొలిచాయి

ఇసుక సగం, ఎర్రమట్టి సగం కలిపిన తొట్లలో నాలుగు గుంపులుగా, గుంపుకి 60 చొప్పున వేశాం. పైన ఇనుప జాలీ బిగించాం. జాలీ వేయకముందు ఒక్క రాత్రికే ఎలుకలు ఒక మూలంతా తవ్విపోశాయి. పిక్కలు అక్కడక్కడే పడి ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

గుంపు 1, పెచ్చుతో నేరుగా: 7 మొలకలు. మిగిలినవాటి మీద నల్లటి బూజు.
గుంపు 2, పెచ్చు తీసి రెండు రోజులు మళ్ళీ నానబెట్టినవి: 34.
గుంపు 3, పిక్కని సుత్తితో కొంచెం చిట్లించినవి: 19. చీమలు పగులులోంచి దూరి పప్పు తినేశాయి, ఇంకొన్ని కుళ్ళాయి.
గుంపు 4, వారం పాటు రాత్రి నానబెట్టి పగలు ఎండబెట్టినవి: 41.

మొలకలు మూడో వారంలో మొదలై రెండో నెల చివరి దాకా వచ్చాయి. నెల దాటింది కదా అని తొట్టి తిరగబోయకండి. గుంపు 4లో సగం మొలకలు నెల దాటాకే వచ్చాయి. 34కీ 41కీ ఉన్న తేడా చూసి ఇదే మంత్రం అనుకోవడం కూడా సరికాదు, 60 పిక్కల మీద అంత తేడా ఊరికే వచ్చేస్తుంది. కానీ 7కీ 34కీ ఉన్న తేడా మాత్రం నిజం: పెచ్చు తీయాల్సిందే. చిట్లించడం అనవసరపు శ్రమ.

ఇప్పటిదాకా లెక్క: 240 వేశాం, 101 మొలిచాయి.

దశ 2: వేరు పొడవు, కవరు లోతు

ఈ చెట్టు పైకి పెరిగే ముందు కిందికి పెరుగుతుంది. చుట్టుకుని పైకొచ్చిన రెండు పెద్ద విత్తనాకులు అప్పుడప్పుడే విచ్చుకుంటున్న మొలకని ఒకదాన్ని ఇసుక కడిగి తీసి టేపుతో కొలిస్తే, పైన 6 సెంటీమీటర్లు, కింద తల్లివేరు 15. అంటే తొట్టి అడుగు తగిలి పక్కకి తిరిగే వేళ అప్పటికే వచ్చేసింది. తొట్టి లోతు 20 సెంటీమీటర్లు. ఆలస్యంగా తీసిన మొలకల్లో 12కి తల్లివేరు తెగింది. వాటిని కూడా నాటి చూశాం, ఒక్కటీ బతకలేదు.

మిగిలిన 89ని రెండు రకాలుగా పెట్టాం. 48 మొలకలు మామూలు నర్సరీ కవర్లలో, అంటే 5 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు. 41 మొలకలు పైపుల్లో. పైపు తయారీ ఇలా:

1. 4 అంగుళాల పీవీసీ పైపుని 16 అంగుళాల ముక్కలుగా కోయాలి.
2. ప్రతి ముక్కనీ హాక్‌సా బ్లేడుతో నిలువునా రెండుగా చీల్చాలి. మళ్ళీ కలిపి, పాత సైకిలు ట్యూబు ముక్కలతో పైనా కిందా బిగించాలి. నాటేటప్పుడు ట్యూబు తీస్తే మట్టి చెదరకుండా మొక్క వస్తుంది.
3. అడుగు మూయకూడదు. ఇటుకల మీద ఇనుప జాలీ పరిచి, దాని మీద పైపుల్ని నిలబెట్టాలి. నేలకీ జాలీకీ మధ్య జానెడు ఖాళీ ఉండాలి.

మూడోదే ముఖ్యం. వేరు మొన జాలీ దాటి గాలిలోకి రాగానే ఎండి ఆగిపోతుంది, పైన పక్కవేర్లు పుడతాయి. మొదట పైపుల్ని నేల మీదే పెట్టాం. పది రోజులకి ఒకటి ఎత్తబోతే రాలేదు, వేరు అప్పటికే నేలలోకి దిగిపోయింది. ఆ సాయంత్రమే అన్నిటినీ జాలీ మీదకి ఎక్కించాం.

మట్టి: ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. పైన 50 శాతం షేడ్‌నెట్. నారుకుళ్ళు కవర్ల వైపు ఎక్కువ వచ్చింది. కవర్లు ఒకదానికొకటి ఆనించి పెట్టడం, రోజూ సాయంత్రం తడపడం, రెండూ కలిసి మొదళ్ళు రాత్రంతా తడిగా ఉండేవి. కవర్ల మధ్య నాలుగు వేళ్ళ సందు వదిలి, తడపడం పొద్దుటికి మార్చాక ఆగింది. అప్పటికి కవర్లలో 12, పైపుల్లో 4 పోయాయి.

రోహిణి కార్తె వచ్చేసరికి లెక్క: కవర్లలో 36, పైపుల్లో 37, మొత్తం 73. సగటు ఎత్తు కవర్లలో 33 సెంటీమీటర్లు, పైపుల్లో 38. పైకి చూస్తే పెద్ద తేడా లేదు. ఎవరైనా ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే నేనూ చవకైన కవరు మొక్కే తీసుకునేవాణ్ణి.

దశ 3: గుంతలు, నాట్లు, మొదటి వేసవి

12 చోట్ల రెండేసి అడుగుల గుంతలు. ఒక్కో గుంతలో ఒక కవరు మొక్క, ఒక పైపు మొక్క. బాగున్నదాన్ని ఉంచి రెండోది తర్వాత తీసేయాలని. నాటినవి 24, మిగులు 49. మిగులులో పదిహేను దాకా చేతికింద ఉంచుకుని, తక్కినవి అడిగినవాళ్ళకి ఇచ్చేశాం.

నాటే ముందు నీటి పరీక్ష చేశాం. గుంతలో 30 సెంటీమీటర్ల ఎత్తు నీళ్ళు పోసి కర్ర గుచ్చి కొలవడమే. మెరక వైపు గుంతలు అయిదారు గంటల్లో ఖాళీ అయ్యాయి. పల్లం వైపు మూడింటిలో మర్నాటికి కూడా 12 సెంటీమీటర్ల నీళ్ళు నిలిచి ఉన్నాయి. రెండు గుంతల్ని పైకి జరిపాం. మూడోది పాకకి నీడ పడాల్సిన చోటు కాబట్టి వదలబుద్ధి కాక, అడుగున గడ్డపారతో గరుసు పగలగొట్టి అక్కడే నాటాం. ఆ పగులు పనిచేయలేదు. మృగశిరలో నాటితే, భాద్రపదం వానలకి ఆ గుంత తొట్టిలా నిండి, పైపు మొక్క ఆకులు పసుపు తిరిగి పోయింది. గరుసులో చేసిన పగులు చుట్టుపక్కల నీటిని కూడా లోపలికే తెస్తుందని తవ్వి చూశాక అర్థమైంది. తర్వాత అదే చోట గుంత పూడ్చి, మోకాటి ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటాం. అది నిలబడింది.

మేకలు: ఈ ఆకు వాటికి ప్రాణం. రేగుకంప చుట్టడం ఒక వారం ఆలస్యమైంది, మూడు మొక్కల తలలు ఎగిరిపోయాయి. మొదట్లోంచి మళ్ళీ చిగిర్చాయి కాబట్టి చావు లెక్కలో లేవు, కానీ ఒక ఏడు వెనకబడ్డాయి. కంపకి బదులు వెదురు తడికలు కట్టిన చోట చెదలు పట్టి, తడిక మీద నుంచి మొక్క మీదకి ఎక్కాయి. తడికలు తీసేసి కంపే వేశాం. మొక్క మొదట్లో వేపపిండి గుప్పెడు.

ఆకు రాల్పు సంగతి. మాఘం చివర్లో మొక్కలన్నీ వరసగా ఆకులు దులిపేశాయి. తానికి అది మామూలే, పెద్ద చెట్టు కూడా అప్పుడే మోడు అవుతుంది. తెలిసినా టెన్షన్ ఆగదు. ఇంట్లోవాళ్ళు బిందెలతో నీళ్ళు పోయడం మొదలుపెట్టారు. ఆకు లేని మొక్క నీళ్ళు తాగదు. మొదట్లో బురద అవుతుంది, అంతే. బతికిందో లేదో చూడటానికి గోటితో కాండం మీద వడ్లగింజంత మేర గీకితే చాలు: పచ్చగా, తడిగా ఉంటే బతికినట్టే. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకో జానెడు కింద గీకాలి. మొదలు దాకా పొడిగా ఉన్నదాన్నే పీకాలి.

అలా పీకినవాటిని కడిగి చూస్తే అసలు సంగతి బయటపడింది. చచ్చిన కవరు మొక్కల్లో ఒకటి తప్ప అన్నిటికీ తల్లివేరు కవరు అడుగున గుండ్రంగా చుట్టుకుని, నాటి తొమ్మిది నెలలైనా ఆ చుట్ట విప్పుకోలేదు. వేలు లావున ముడి, దాని కింద నాలుగు సన్నని పీచులు. పక్క గుంతలోనే బతికి ఉన్న పైపు మొక్క వేరు ఎంత లోతు పోయిందో చూద్దామని పక్కనుంచి తవ్వుకుంటూ పోయి, 90 సెంటీమీటర్ల దగ్గర గరుసు పగుల్లోకి దూరుతుంటే ఆపేశాం.

మొదటి వేసవి దాటాక లెక్క:
కవరు మొక్కలు 12లో బతికినవి 5. పోయిన ఏడింటిలో ఆరు చుట్టవేరు వల్ల, ఒకటి చెదల వల్ల.
పైపు మొక్కలు 12లో బతికినవి 10. పోయిన రెండింటిలో ఒకటి నీరు నిలిచి, ఒకటి చెదల వల్ల.
మొత్తం 15. రెండూ పోయిన గుంత ఒకటే, ఆ పల్లంలోది. దానికి మిగులు నుంచి పైపు మొక్క తెచ్చి దిబ్బ మీద పెట్టాం. 12 గుంతల్లో 16.

కవర్లే వాడాల్సి వస్తే కనీసం 12 అంగుళాల ఎత్తువి తీసుకుని, మూడు నెలలు దాటకుండా నాటేయండి. నర్సరీలో కొనేటప్పుడు మొక్క ఎత్తు అడగడం కన్నా కవరు అడుగు చూడటం మేలు.

దశ 4: తడి పద్ధతి మార్చడం

మొదట మొక్కకి మూడు రోజులకోసారి 5 లీటర్లు పోసేవాళ్ళం. మర్నాడు పక్కన తవ్వితే తడి 12 సెంటీమీటర్లే దిగింది. మిగతాది ఎండ తాగేసింది. మార్చిన పద్ధతి:

1. రెండంగుళాల పైపు ముక్క, అడుగున్నర పొడవు, పక్కల చిల్లులు. మొక్కకి జానెడున్నర దూరంలో నిలువునా పాతాలి.
2. పైపులో 10 లీటర్లు, పాదులో 5 లీటర్లు, పది రోజులకోసారి.
3. పాదులో నాలుగంగుళాల మందాన ఎండుటాకులు. కాండానికి తగలకుండా అరచేయంత ఖాళీ.

ఆకులకి బదులు వేరుశనగ పొట్టు వేసిన రెండు పాదుల్లోనూ చెదలు వచ్చాయి. తర్వాత వేయలేదు.

నీటి లెక్క: మొదటి వేసవి ఒక తడికి మొక్కకి 15 లీటర్లు. రెండో వేసవి 16 మొక్కలకి 20 లీటర్ల చొప్పున 320, పక్షానికోసారి. మూడో వేసవి 12 చెట్లకి 40 చొప్పున 480, నెలకోసారి. నాలుగో వేసవి నుంచి ఏమీ పోయలేదు. బోరు అడుగంటిన ఏడు కూడా ఒక్కటీ వాడలేదు.

పెరుగుదల, ఏటా జూన్‌లో కొలిచినవి, సెంటీమీటర్లలో: మొదటి ఏడు పైపువి సగటున 71, కవరువి 52. రెండో ఏడు 128, 97. రెండో వేసవి దాటాక వచ్చిన వానాకాలంలో జంటల్ని పలచన చేసి 12 ఉంచాం, వాటి సగటు మూడో ఏడు 215, నాలుగో ఏడు 310. ఇప్పుడు అన్నిటికన్నా పొడుగుది 460, పొట్టిది 290. పొట్టిది మూడో ఏట గేదె ఒళ్ళు రుద్దుకుని మోకాటి ఎత్తులో విరగ్గొట్టింది. కింద నుంచి వచ్చిన చిగుళ్ళలో ఒక్కదాన్ని ఉంచి మిగతావి గిల్లేశాం.

కత్తిరింపు: నీడ చెట్టుకి ఒకే మాను, మనిషి నెత్తి దాటాక కొమ్మలు ఉండాలి. రెండు తలలు లేస్తే ఒకటి తీసేయాలి. ఆకు రాలి, చిగురు రాకముందు కోయడం నయం. కొమ్మ మొదట ఉండే ఉబ్బుని వదిలి, దాని అంచున కోస్తే గాయం తొందరగా పూడుతుంది. మానుకి చదునుగా కోసిన ఒక గాయం రెండేళ్ళయినా నోరు తెరుచుకునే ఉంది.

నీడ గురించి ఉన్నదున్నట్టు

మన చెట్లు ఇంకా చిన్నవి కాబట్టి కొలతలు గట్టు మీది పాత చెట్టు కిందవి. మే మధ్యాహ్నం రెండు గంటలకి ఇన్ఫ్రారెడ్ థర్మామీటరు చూపిస్తే బయట ఎర్రనేల 58 డిగ్రీలు, చెట్టు కింద 39. అద్భుతమే. కానీ మార్చి నెలంతా ఆ చెట్టు కింద ఎండే. ఫాల్గుణం ఎండలకి పశువుల్ని కట్టేసుకునే చోటు కావాలంటే తాని ఒక్కటే చాలదు, పక్కన కానుగో వేపో ఉండాలి. పడమర వరసలో రెండు తానిల మధ్య ఒక కానుగ పెట్టింది అందుకే.

ఇంకో రెండు. కొత్త చిగురుతోపాటు ఏప్రిల్, మే నెలల్లో పూత వస్తుంది, ఆకుపచ్చ కలిసిన తెల్లటి కంకులు. వాసన ఘాటు, దగ్గర్లో పడుకుంటే వికారం పుడుతుంది. పడకగది కిటికీకి ఎదురుగా వద్దు. శీతకాలం కాయలు రేకుల కప్పు మీద పడితే నిద్ర పట్టదు.

కూలికి వచ్చిన పెద్దాయన ఆ చెట్టు కింద సద్ది విప్పడు. "కలి చెట్టు కింద మెతుకు ముట్టకూడదు నాయనా" అంటాడు. భారతంలో నలుణ్ణి వదిలిన కలి దూరింది ఈ చెట్టులోకే. అంతకుముందు అయోధ్య రాజు ఋతుపర్ణుడు రథం మీద పోతూ ఆకులూ కాయలూ లెక్కచెప్పిన చెట్టూ ఇదే. ఋగ్వేద కాలంలో జూదానికి పాచికలు తానికాయలే. ఇంత చెడ్డపేరు మోసిన చెట్టు మందుల డబ్బాలో మాత్రం కరక్కాయ, ఉసిరికాయలతో సమానంగా కూర్చుంది. పెద్దాయన కూడా దగ్గొస్తే ఆ కాయే అడుగుతాడు.

దశ 5: మందు కాయ

మన చెట్లు కాపుకి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. ఇదంతా పాత చెట్టు కాయలతో చేసింది.

మందుకి పనికొచ్చేది పెచ్చు. పిక్క, పప్పు తీసేయాలి. పిల్లలు పిక్క పగలగొట్టి పప్పు బాదంలా తింటారు. ఎక్కువ తింటే తల తిరుగుతుంది, మత్తు వస్తుంది. కాయలు ఆరబెట్టిన చోట పిల్లల్ని ఓ కంట కనిపెట్టాలి.

కాయ ఏ దశలో కోశామన్నదాన్ని బట్టి గుణం మారుతుంది. పచ్చి, అరపండు కాయ విరేచనం చేయిస్తుందనీ, పండి ఎండిన కాయ వగరుగా కట్టేస్తుందనీ వైద్యం చెబుతుంది. అందుకే చెట్టు మీద నుంచి దులపకుండా, తనంతట తాను రాలినవి రోజూ ఏరాం.

మొదటి ఏడు ఏరినవి గోతంలో పోసి అటక ఎక్కించాం. పది రోజులకి తీస్తే లోపల ఆకుపచ్చ బూజు, గోతం మధ్యలో వేడి. మొత్తం పెంటకుప్పకి పోయింది. బూజు తుడిచి ఎండబెట్టి వాడటం అనే ఆలోచనే వద్దు. రెండో ఏడు నుంచి:

1. కడిగి, చాప మీద ఒకే వరసగా నీడలో రెండు రోజులు, తర్వాత ఎండలో.
2. వంటింటి కాటా మీద గుర్తు పెట్టిన 20 కాయల్ని రోజూ తూచడం. రెండు రోజులు బరువు మారకపోతే ఎండినట్టు.
3. సుత్తితో పక్కల తట్టి పెచ్చు ఊడదీయడం. కిలో ఎండు కాయలకి మాకు 540 గ్రాముల పెచ్చు వచ్చింది.
4. పెచ్చుగానే గాజు సీసాలో. పొడి ఎప్పటికప్పుడు, వస్త్రగాళితం పట్టి, అంటే బట్టలో జల్లించి.

నాలుగోదానికి కారణం ఉంది. చూర్ణం రెండు నెలలు దాటితే బలం తగ్గుతుందని పాతకాలపు ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుడి లెక్క. పెచ్చు అయితే వచ్చే కాపు దాకా ఆగుతుంది.

త్రిఫలకి మూడు పెచ్చుల్ని సమభాగాలుగా తూచి కలపడం ఒక పద్ధతి. ఒక కరక్కాయ, రెండు తానికాయలు, నాలుగు ఉసిరికాయలు అని కాయల లెక్కన కలపడం ఇంకోటి. కాయ పెద్దదైతే తక్కువ, చిన్నదైతే ఎక్కువ కాబట్టి కాటా లేని చోట రెండో పద్ధతి దాదాపు మొదటిదాని దగ్గరకే తెస్తుంది. కాటా ఉన్నవాళ్ళు తూచుకోవడమే మంచిది, ఎందుకంటే ఇప్పుడు అంగట్లో దొరికే పెద్ద రకం ఉసిరి అడవి ఉసిరికి మూడింతలుంటుంది.

తానికాయ ఒక్కటే వాడేది ఎక్కువగా దగ్గుకి, గొంతు గరగరకి. పాత పద్ధతిలో కాయకి నెయ్యి రాసి, పైన పేడ మెత్తి నిప్పుల్లో కాల్చి, పెచ్చు ముక్క బుగ్గన పెట్టుకుంటారు. మేము పేడకి బదులు గోధుమపిండి ముద్ద వాడాం. ముద్ద పైన మాడేదాకా ఉంచితే లోపల పెచ్చు కూడా మాడి చేదెక్కింది. పిండి గోధుమ రంగుకి రాగానే తీస్తే పెచ్చు మెత్తబడి, మొదట వగరు, కాసేపటికి నాలుక మీద తీపి. పొడి అయితే తేనెతో. ఆయుర్వేద ఫార్మకోపియాలో పెద్దవాళ్ళకి రోజు మోతాదు 3 నుంచి 6 గ్రాములు. గర్భిణులు, చంటిపిల్లలు, షుగరు మాత్రలు వాడేవాళ్ళు వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టకూడదు. వారాలు గడిచినా తగ్గని దగ్గుకి పెచ్చు చప్పరిస్తూ కూర్చోవద్దు, కఫం పరీక్ష చేయించుకోవాలి.

త్రిఫల నీళ్ళతో కళ్ళు కడుక్కోవడం కూడా పాత ఆచారమే. ఇంట్లో కాచి వడపోసిన నీళ్ళతో దాన్ని చేయకండి. ఎంత సన్నని బట్టలో వడపోసినా గ్లాసు అడుగున నలుసు దిగడం మేము చూశాం. పుక్కిలించడానికి మాత్రం అవే నీళ్ళు హాయిగా వాడుతున్నాం.

జుట్టుకి పెట్టే ముద్దని ఇనుప మూకుడులో రాత్రంతా ఉంచమనేది ఎందుకో ఒక గ్లాసులో చూశాం. పెచ్చు నానిన లేత గోధుమ రంగు నీళ్ళలో తుప్పు మేకు వేస్తే, మేకు చుట్టూ మొదట ఊదా మసక లేచి, గంటలో గ్లాసంతా సిరా నలుపు. పెచ్చులో ఉన్న టానిన్ ఇనుముతో కలిసి చేసే పని అది. ఒకప్పుడు సిరా చేసిందీ, తోళ్ళు ఊనిందీ ఈ కాయలతోనే. కాబట్టి కషాయం కాచేటప్పుడు స్టీలు గిన్నె, జుట్టు ముద్దకి ఇనుప మూకుడు. ముద్ద పెట్టుకునేటప్పుడు పాత తువ్వాలు, ఎందుకంటే ఆ మరక ఏ సబ్బుకీ పోదు.

ప్రస్తుత లెక్క

300 కాయలు, 240 విత్తనం, 101 మొలకలు, 73 మొక్కలు, నాటినవి 25, నిలిచిన చెట్లు 12. అందులో కవరు మూలం ఉన్నవి ఒకటే, అదీ పైపు మొక్కని చెదలు తిన్న గుంతలోది. ఛాతీ ఎత్తులో మాను చుట్టుకొలత 11 నుంచి 19 సెంటీమీటర్లు.

ఈ వానాకాలం చేయాల్సినవి: ఎనిమిది చెట్ల కంప తీసేయడం, మిగతా నాలుగు చెట్లకి ఇంకో ఏడు ఉంచడం. తడి పైపులు పెకలించి కొత్తగా పెట్టే కానుగలకి వాడటం. ఆ ఒక్క కవరు చెట్టు గాలికి పడమరకి ఒరుగుతోంది. మొదట్లో వేలు పెట్టి కదిపితే మట్టి పగులుతోంది. చుట్టవేరు కింద పట్టు లేదనే అనుమానం. పక్కనే రెండడుగుల ఎడంతో పైపు మొక్క ఒకటి నాటి పెట్టాలి.